బోర్డు మీద ‘క్వాఫ్యూర్’ అని పెట్టుకోవచ్చా? అది జుట్టా, టోపీయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. విజయవాడలో పెళ్ళికూతుళ్ళ జడలకోసం ఒక స్టూడియో పెడుతున్నారు. పేరు చివర ‘క్వాఫ్యూర్’ అని ఉండాలని మీ కోరిక. బోర్డు డిజైన్ చేసే అబ్బాయి దాన్ని ‘కాయిఫర్’ అని పలుకుతున్నాడు. మీ స్నేహితురాలేమో అది క్రైస్తవ సన్యాసినులు తలకి కట్టుకునే గుడ్డ పేరు, మనకెందుకు అంటోంది. ఇంగ్లీషు డిక్షనరీ తీస్తే హెయిర్ స్టయిల్ అనీ ఉంది, తలమీద పెట్టుకునేది అనీ ఉంది. ఏది నిజం అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. రెండు అర్థాలూ నిజమే. పలకడం క్వాఫ్యూర్. ‘కాయిఫర్’ అనే మాట ఇంగ్లీషులోనూ లేదు, ఫ్రెంచిలోనూ లేదు. మీ స్నేహితురాలు చెప్పేది దీనికి అక్క వరసయ్యే వేరే మాట గురించి. అదేమిటో కింద చెప్తాను. ఒక్క స్పెల్లింగ్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి, దాని దగ్గరికీ వస్తాను.

నా గురించి రెండు ముక్కలు. పెళ్ళికి ముందు కాకినాడలో చిన్న పార్లర్ నడిపాను. 2009లో మావారి ఉద్యోగం వల్ల ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి వచ్చాం. ఇక్కడ జుట్టుపని చేయాలంటే చేతిలో పని ఉంటే చాలదు, సర్టిఫికెట్ ఉండాలి. సీఏపీ అనే వృత్తి పరీక్ష పాసయ్యాను. తర్వాత బ్రెవే ప్రొఫెస్యోనెల్ అనే పై పరీక్ష కూడా రాశాను. ఆ రెండోదో, దానికి సమానమైనదో ఉన్నవాళ్ళ పర్యవేక్షణ లేకుండా ఇక్కడ సెలూన్ తెరవడానికి వీల్లేదు. పదేళ్ళకి పైగా ఒక సెలూన్‌లో పనిచేశాను. నాలుగేళ్ళుగా ఊళ్ళో ఒక నాటక బృందానికి పాతకాలపు విగ్గులు, కొప్పులు కడుతున్నాను. ఈ మాట పక్కనే నా రోజులన్నీ గడిచాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈ మాటకి మూలం ఫ్రెంచిలో ‘క్వాఫ్’. అంటే తలని అంటుకుని ఉండే గుడ్డ టోపీ. అంతకు వెనక లాటిన్‌లో ‘కోఫియా’ అనే మాట ఉంది, శిరస్త్రాణం లాంటి దానికి వాడేవారు. ఇటాలియన్‌లో అదే ‘కుఫియా’ అయింది. ఈ రోజు ఇటలీలో చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. అంటే ఈ కుటుంబంలోని మాటలన్నీ తలమీద కూర్చునే వస్తువులతో మొదలయ్యాయి. జుట్టు తర్వాత వచ్చింది.

ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆ కాలంలో ఐరోపాలో పెళ్ళయిన ఆడవాళ్ళు తల కప్పుకునే తిరిగేవారు. టోపీ నిలవాలంటే కింద జుట్టు దానికి తగ్గట్టు చుట్టాలి, పిన్నులు గుచ్చాలి, ముందు కాస్త పైకి తీయాలి. ఇదంతా కలిపి ఒకే పని. ‘క్వాఫే’ అనే క్రియకి మొదట తల కప్పడం అని అర్థం, రానురాను తల దువ్వి తీర్చిదిద్దడం అయింది. అలా చేశాక తల మీద కనిపించేదంతా క్వాఫ్యూర్. అందులో జుట్టు ఉంటుంది, లేసు ఉంటుంది, రిబ్బనూ ఉంటుంది. ఇప్పటి ఫ్రెంచిలో రోజూ వాడేది జుట్టు అర్థంలోనే. కానీ మ్యూజియంలో పాత తలపాగానో, పక్షి ఈకల కిరీటాన్నో చూపించి కూడా క్వాఫ్యూర్ అనే రాస్తారు.

ఇంగ్లీషు వాళ్ళు దీన్ని రెండుసార్లు అప్పు తీసుకున్నారు. గందరగోళమంతా అక్కడే పుట్టింది. మొదటిసారి మధ్యయుగాల్లోనే ‘కాయిఫ్’ తీసుకున్నారు. అది టోపీ మాత్రమే. సైనికులు ఇనుప కడియాలతో అల్లి తలకి వేసుకునేదీ కాయిఫే, సన్యాసినులు ముసుగు కింద కట్టుకునేదీ కాయిఫే. ఇంగ్లండులో సార్జెంట్లు అనే ఒక పెద్దతరగతి లాయర్లు ఉండేవారు, వాళ్ళ హోదాకి గుర్తు తెల్లని కాయిఫ్. మీ స్నేహితురాలు చెప్పింది దీని గురించే, ఆవిడ మాట తప్పు కాదు. రెండోసారి 17వ శతాబ్దంలో ఫ్రెంచి ఫ్యాషన్ వెంట క్వాఫ్యూర్ వచ్చింది. ఇది జుట్టు తీర్చే తీరు. మొదటిది ఇంగ్లీషు నోళ్ళలో శతాబ్దాలు నాని కాయిఫ్‌గా స్థిరపడింది. రెండోది ఇప్పటికీ ఫ్రెంచి ఉచ్చారణతోనే ఉంది. అందుకే ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్‌ని టోపీ అయితే ‘కాయిఫ్’ అనీ, జుట్టు అయితే ‘క్వాఫ్’ అనీ రెండు రకాలుగా చదువుతారు.

టోపీకీ జుట్టుకీ మధ్య గోడ లేదని చెప్పడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఫోంతాంజ్. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ మనసుపడ్డ ఒక యువతి, ఫోంతాంజ్ డచెస్, వేటలో జుట్టు చెదిరిపోతే రిబ్బన్ తీసి నుదుటి పైన ముడి వేసుకుందట. రాజుకి అది నచ్చింది, మర్నాటికి ఆస్థానంలో అందరి తలలమీదా అదే ముడి అని చెప్పుకుంటారు. ఆవిడ 1681లో చిన్న వయసులోనే చనిపోయింది. ఆ ముడి మాత్రం పెరుగుతూ పోయింది. రిబ్బన్‌కి లేసు తోడైంది, లేసు నిలబడడానికి తీగల చట్రం వచ్చింది, చివరికి అది అంతస్తులుగా లేచిన టోపీ అయి కూర్చుంది. పేరు మారలేదు. ఫోంతాంజ్ జుట్టా, టోపీయా అని అడిగితే ఆ కాలపు మనిషికి ప్రశ్నే అర్థం కాదు.

ఇంకో ఉదాహరణ కళ్ళారా చూసింది. మా సెలూన్‌కి వారం వారం ఒక ముసలావిడ వచ్చేవారు. పుట్టింది ఫ్రాన్స్ వాయవ్య మూల బ్రెతాన్య్‌లో, పోన్-లాబే ఊరి పక్క పల్లె. ఒకరోజు గుండ్రటి అట్టపెట్టెలో వాళ్ళమ్మగారి క్వాఫ్ తెచ్చారు. ఆ ప్రాంతాన్ని బిగూదెన్ అంటారు. అక్కడి ఆడవాళ్ళ లేసు టోపీ గొట్టంలా నిటారుగా ఉంటుంది, 20వ శతాబ్దంలో ఎత్తు పెరిగి పెరిగి 30 సెంటీమీటర్లు దాటింది. చేతిలోకి తీసుకుంటే కాగితంలా గరగరలాడింది. అంత గంజి పెట్టారు. పైన కుట్టిన పువ్వులు వేలికి గుచ్చుకుంటున్నాయి. పెద్దావిడ ఫోటో ఒకటి చూపించారు. అమ్మగారు వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నారు. మెడమీద నుంచి వెంట్రుకలన్నీ పైకి దువ్వి, ఒక్క పోగు జారకుండా నడినెత్తికి చేర్చి, దానిమీద టోపీని పిన్నులతో బిగించారు. జుట్టు ఆ విధంగా ఎక్కకపోతే ఆ టోపీ గాలికి ఒక్క నిమిషం ఆగదు. “అమ్మ రోజూ పొద్దున్నే ఇది పెట్టుకున్నాకే గొడ్లపాకలోకి వెళ్ళేది” అన్నారావిడ. ఆ రోజు నుంచి ఎవరైనా క్వాఫ్యూర్ అంటే జుట్టేగా అన్నప్పుడల్లా నాకు ఆ ఫోటోలో మెడ గుర్తొస్తుంది.

ఇప్పుడు స్పెల్లింగ్. మీకు కావాల్సింది coiffure. చివర యు-ఆర్-ఇ ఉంటే తీర్చిన తల. ఇ-యు-ఆర్ ఉంటే తీర్చే మగమనిషి. రెండోదాన్ని క్వాఫర్ అని పలుకుతారు. ఆడమనిషి అయితే క్వాఫజ్. ఇంకో చిత్రం, ఫ్రెంచిలో క్వాఫజ్ అంటే అద్దం ఉన్న డ్రెస్సింగ్ టేబుల్ కూడా. మన దేశంలో చాలా బోర్డుల మీద ఈ చివరి అక్షరాలు తారుమారు కావడం చూశాను. మీ పేరు తర్వాత ఇ-యు-ఆర్ పడితే, ఆ భాష తెలిసినవాళ్ళకి అది ఒక మగ హెయిర్‌డ్రెస్సర్ దుకాణం. మధ్యలో ఎఫ్ రెండుసార్లు రావాలి. తెలుగులో ‘క్వాఫ్యూర్’ అని రాయండి. ఫ్రెంచి వాళ్ళు చివరి అక్షరాన్ని గొంతులోంచి పలుకుతారు, దానికోసం మనం తంటాలు పడక్కర్లేదు.

మామూలు ఇంగ్లీషు మాటల్లో దీన్ని ఎప్పుడు వాడాలి అనేది కూడా చెప్పాలి. “ఇవాళ పార్లర్‌లో క్వాఫ్యూర్ చేయించుకున్నా” అని ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళెవరూ అనరు, హెయిర్ చేయించుకున్నా అనే అంటారు. క్వాఫ్యూర్ పట్టుచీర లాంటి మాట, కాస్త సందర్భం ఉండాలి. పెద్ద పార్టీకి కట్టిన కొప్పు, ఫ్యాషన్ షో, పాత రాణిగారి చిత్రపటం, ఇలాంటి చోట్ల వాడతారు. అందుకే పెళ్ళిజడల స్టూడియోకి బాగా నప్పుతుంది. నెలనెలా కటింగుకి వచ్చే చోటయితే నేను వద్దనేదాన్ని. ఇక్కడ ఫ్రాన్స్‌లో మాత్రం ఇది వీధి మాటే, ప్రతి సందులోనూ కనిపిస్తుంది. కోళ్ళగూడంత సెలూన్ మీద కూడా క్వాఫ్యూర్ అనే ఉంటుంది.

ఈ మాటకి గౌరవం ఊరికే రాలేదు, దాని వెనక ఒక తగువు ఉంది. 18వ శతాబ్దపు పారిస్‌లో గడ్డం గీయడం, విగ్గులు చేయడం మంగలి–విగ్గుల సంఘం హక్కు. బయటివాళ్ళు ఆ పని ముట్టుకోకూడదు. ఆడవాళ్ళ తలలు తీర్చే క్వాఫర్లు కొత్తగా పుట్టుకొచ్చారు. సంఘం వాళ్ళు కేసు వేశారు. 1760ల చివర్లో క్వాఫర్ల తరఫున వేసిన వాదన నాకు ఎంతో ఇష్టం. మాది కత్తి పని కాదు, ముఖం చూసి, రంగు చూసి, మనిషిని చూసి చేసే కళ, చిత్రకారుడిది ఎలాంటి పనో మాదీ అలాంటిదే అని వాళ్ళు వాదించారు. అదే రోజుల్లో లెగ్రో అనే ఆయన ఉండేవాడు. మొదట వంటవాడు, తర్వాత క్వాఫర్. తన తలకట్లన్నీ బొమ్మలమీద కట్టి సంతలో ప్రదర్శనకి పెట్టాడు, వాటి చిత్రాలతో పుస్తకం వేశాడు, పారిస్‌లో జుట్టుపని నేర్పే బడి కూడా తెరిచాడు. 1770లో, తర్వాత ఫ్రాన్స్ రాణి అయిన మరీ ఆంత్వానెత్ పెళ్ళి బాణసంచా చూడ్డానికి వచ్చిన జనం తొక్కిసలాటలో పోయాడు.

ఆ రాణిగారికి తల తీర్చినవాడు లెయోనార్ ఓత్యే. ఆయన పుట్టిన పామియే మా తులూజ్‌కి దక్షిణంగా రైల్లో గంట కూడా పట్టని ఊరు. పూఫ్ అనే ఎత్తు కొప్పుల కాలం ఆయనదే. 1774లో రాణి భర్త 16వ లూయీ మశూచికి టీకా వేయించుకుంటే ఆ సంగతి కూడా కొప్పులోకి ఎక్కింది. ఉదయించే సూర్యుడు, పళ్ళున్న ఆలివ్ చెట్టు, వైద్యానికి గుర్తుగా దాన్ని చుట్టుకున్న పాము, ఒక గద. 1778లో బెల్ పూల్ అనే ఫ్రెంచి యుద్ధనౌక ఇంగ్లీషు నౌకతో పోరాడితే, ఆ ఓడ తెరచాపలతో సహా తలలమీద తేలింది. ఈ రోజు ఫోన్లో స్టేటస్ పెట్టినట్టు, ఆ రోజుల్లో వార్త తలమీద పెట్టుకుని తిరిగారు.

నాటకం కోసం ఒక పూఫ్ కట్టినప్పుడు నాకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. పెళ్ళిజడల పని చేసే మీకు ఇవి ఉపయోగపడతాయి. పాతకాలంలో కింద గుర్రపు వెంట్రుకలు కూరిన దిండు, తీగల చట్రం పెట్టి, కొవ్వుతో చేసిన లేపనం రాసి జుట్టుని దానిమీదికి లాగేవారు, పైన పిండిపొడి చల్లేవారు. (ఆ పొడి మీద ఇంగ్లండులో 1795లో పన్ను కూడా వేశారు, మనిషికి ఏడాదికి ఒక గినీ, అంటే అప్పటి ఇంగ్లీషు బంగారు నాణెం.) నేను సన్న తీగ వల, దానిమీద గాజుగుడ్డ, చుట్టూ సవరం వాడాను. మొదటిసారి కట్టింది ముప్పావు కిలో తూగింది. అద్దంలో అద్భుతంగా ఉంది. నటి వంగి నమస్కారం చేయగానే మొత్తం ఒక పక్కకి ఒరిగింది. ఆ పిల్ల మెడ పట్టుకుని కూర్చుండిపోయింది. తప్పు నాదే, బరువంతా నడినెత్తిన ఒక్కచోటే మోపాను. రెండోసారి ముందు తల చుట్టూ సన్నని జడ అల్లి, గుండ్రంగా దిమ్మెలా కూర్చోబెట్టి, చట్రాన్ని ఆ జడకి కుట్టాను. అప్పుడు బరువు చుట్టూ పంచుకుంది. రెండు గంటల నాటకంలో కదల్లేదు.

మీ పూలజడకీ ఇదే సూత్రం. సవరం, జడకుప్పెలు, రాగిడి, మల్లెమొగ్గలు, అన్నీ కలిపి ఎంత తూగుతుందో ఒకసారి త్రాసులో పెట్టి చూడండి. పీటలమీద మూడు నాలుగు గంటలు కూర్చోవాలి, తలమీద జీలకర్ర–బెల్లం పడాలి, తలంబ్రాలు పడాలి, మధ్యలో వంగాలి. కుదుళ్ళ దగ్గర గట్టిగా లాగి జడ వేయడం మనకి చిన్నప్పటి అలవాటు. సీఏపీ శిక్షణలో నేనూ అలాగే లాగేశాను. మోడల్‌గా కూర్చున్నావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “జుట్టుని పట్టుకోవాల్సింది పిన్ను, చర్మం కాదు” అన్నారు మా టీచర్. ఆ మాట ఇప్పటికీ ప్రతి తలమీద చెయ్యి వేసేటప్పుడు అనుకుంటాను.

ఈ వృత్తిలోని ఫ్రెంచి మాటలు ఇంకా కొన్ని మీ రేటు కార్డులోకి వస్తాయి కాబట్టి అవీ చెప్తాను. షిన్యోన్ అంటే అసలు అర్థం మెడ వెనక భాగం. కాబట్టి మెడమీద వాలే ముడికే ఆ పేరు సరిగ్గా అతుకుతుంది. ఇప్పుడు నెత్తిమీద ముడిని కూడా అలాగే అంటున్నారు, పెద్ద తప్పేమీ కాదు. బూఫాన్ అంటే ఉబ్బినది. మార్సెల్ వేవ్ అనేది మనిషి పేరు. 1870లలో మార్సెల్ గ్రాతో పారిస్‌లో వేడి పట్టకారుతో అలలు తీయడం కనిపెట్టాడు. మన పాత సినిమాల్లో కథానాయికల నుదుటిమీద కనిపించే అలలు ఆ తోవలోవే.

భాష మీద ఆసక్తి ఉంటే ఇంకో రెండు. ఫ్రెంచిలో ‘తలమీద టోపీతో పుట్టాడు’ అంటే అదృష్టవంతుడని. పుట్టేటప్పుడు ఉమ్మనీటి పొర తలకి చుట్టుకుని ఉంటే శుభమని వాళ్ళ నమ్మకం. మనవాళ్ళు పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకి గండం అంటారు, వాళ్ళు ఈ పొరని వరంగా చూశారు. పాతికేళ్ళకి పెళ్ళికాని అమ్మాయిని ‘సెయింట్ కాథరీన్‌కి తల తీరుస్తోంది’ అంటారు. నవంబరు 25న అలాంటి అమ్మాయిలు పసుపు, ఆకుపచ్చ టోపీలు పెట్టుకునే ఆచారం ఉంది, బట్టలు కుట్టే సంస్థల్లో ప్రత్యేకంగా చేసేవారు. అక్కడ కూడా చూడండి, క్రియ తల తీర్చడం, చేతిలో ఉన్నది టోపీ.

ఇక తెలుగు సంగతి. డిక్షనరీలు క్వాఫ్యూర్‌కి కేశాలంకరణ అని రాస్తాయి. నాకు అది సగమే అనిపిస్తుంది, జుట్టు వచ్చింది, తలమీద పెట్టేది రాలేదు. మనకి అచ్చంగా సరిపోయే మాట ఒకటి ఉంది, తలకట్టు. మా తాతగారు తలకట్టు చుట్టుకున్నారంటే పాగా. ‘ఆ పిల్లది మంచి తలకట్టు’ అంటే ఒత్తయిన జుట్టు. అఆలు నేర్చినప్పుడు ‘క’ నెత్తిన పెట్టిన గుర్తూ తలకట్టే. గుడ్డ, జుట్టు రెండింటినీ ఒకే మాటలో పట్టుకుంది మన భాష కూడా. ఇంత అందమైన మాట ఉండగా మీ బోర్డు మీద ఒక్క ఫ్రెంచి మాటే ఉండడం నాకు వెలితిగా ఉంటుంది. పైన ఇంగ్లీషు అక్షరాల్లో క్వాఫ్యూర్ పెట్టుకోండి, కింద తెలుగులో ‘పెళ్ళి తలకట్లు, పూలజడలు’ అని రాయించండి. పెద్దావిడలు ఆగి చదివేది రెండో వరసే.

ఇంకొక్కటి, ఇది నా మనసుకి దగ్గరి సంగతి. మా నాటకాల విగ్గులకి జుట్టు కొనే చోట పెట్టెలమీద ‘భారతీయ వెంట్రుకలు’ అని ఫ్రెంచిలో రాసి ఉంటుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన జుట్టుని దేవస్థానం వేలం వేస్తుందనీ, అలాంటి జుట్టు విదేశాలకి వెళ్తుందనీ మనకందరికీ తెలుసు. ఆ పెట్టెలో ఉన్నది ఏ గుడిదో, ఏ ఊరిదో చెప్పలేను. కానీ మూత తీసి ఆ నల్లటి పాయ చేతిలోకి తీసుకుంటే మా అమ్మ తల దువ్విన స్పర్శే తగులుతుంది. ఫ్రెంచి రాణి కొప్పుకి దాన్ని కుట్టేటప్పుడు ముందు కళ్ళకద్దుకుంటాను.

బోర్డు అచ్చుకి ఇచ్చేముందు డిజైన్ ఫోటో ఇక్కడ పెట్టండి. ఎఫ్‌లు రెండు ఉన్నాయా, చివరి అక్షరం ఇ అయిందా అని నేను చూసి చెప్తాను. రేటు కార్డులో ఫ్రెంచి పేర్లు ఏవైనా ఉంటే అవీ పెట్టండి.